గున్వర్ రాసిన కారణం

బోర్న్‌హోమ్ దీవి తూర్పు తీరాన ఉన్న హుమర్విగ్ రేవులో ఏ పడవ ఏ గుంజల మధ్య కట్టాలో నిర్ణయించేది గున్వర్ కోఫోడ్. యాభై నాలుగేళ్ల మనిషి. భారీ విగ్రహం, గొంతు కూడా అంతే భారీ. ఊళ్లో పడవ పేరు చెబితే చాలు, దాని పొడవెంతో, వెడల్పెంతో, దాని యజమాని మాట మీద నిలబడే రకమో కాదో గడగడా చెప్పేసేది. అందరికీ తెలిసిన గున్వర్ ఆమె. ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆమె కళ్ల ముందు అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు.

చిన్నప్పుడు బడిలో పుస్తకం తెరిస్తే వరుసలు అలల మీద తాడులా ఊగేవి. ఒకేలా కనిపించే అక్షరాలు చోట్లు మార్చుకునేవి. పంతులమ్మ దానికి బద్ధకమని పేరు పెట్టి ఆమెను వెనక బల్లకు పంపేసింది. పదహారో ఏట గున్వర్ చేపల ఫ్యాక్టరీలో చేరింది. కాడ్ చేపకు ముల్లు తీసి కోయడంలో ఆమె చేతి నేర్పు చూడటానికి పక్క గదుల నుంచి వచ్చేవాళ్లు. కత్తికి అక్షరాలతో పనేముంది? ఇరవై ఏడేళ్లు అలా గడిచాయి. ఆ తర్వాత సముద్రంలో కాడ్ తగ్గిపోయింది, ఫ్యాక్టరీకి తాళం పడింది.

రేవు అధికారి హెమింగ్ ఆమెను పిలిచి, "పడవలన్నీ నీకు తెలిసినవే కదా, వచ్చెయ్" అన్నాడు. కాగితాలు కూడా ఉంటాయని ఆ పూట చెప్పలేదు.

ఉత్తరం వచ్చినప్పుడల్లా గున్వర్ సంచి తడుముకుని, "అయ్యో, కళ్లజోడు కార్లో మర్చిపోయాను. కాస్త చదివిపెట్టు హెమింగ్" అనేది. హెమింగ్ మర్యాదస్తుడు. "నువ్వు కూర్చో, నేను తెస్తాను" అంటూ కారు దాకా వెళ్లి, సీట్ల కిందంతా వెతికి ఉత్త చేతులతో వచ్చేవాడు. తర్వాత ఉత్తరం తనే చదివేవాడు.

ఐదేళ్ల కిందట గాలివానలో చిక్కుకుని ఒక స్వీడన్ ఆవిడ రెండు రోజులు రేవు ఆఫీసులో కూర్చుంది. ఆవిడ స్వెటర్ అల్లుకుంటుంటే ఒళ్లో ఉన్న కంప్యూటర్ ఆవిడకు వార్తలు చదివి వినిపిస్తోంది. గున్వర్ ఊరికే అడుగుతున్నట్టు, "అదెలా మాట్లాడుతోంది?" అంది. బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న పనిముట్టు, ఎక్స్‌టెన్షన్ అంటారని ఆవిడ చెప్పింది. పజిల్ ముక్క బొమ్మ ఎక్కడుందో, 'జోడించు' అన్న మీట ఎక్కడుందో చూపించింది.

గున్వర్ దాన్ని తన కంప్యూటర్‌లోనూ పెట్టుకుంది. అది అక్షరాలను ఎడం ఎడంగా జరిపేది, చదువుతున్న వరుస మీద పసుపు రంగు పట్టీ పరిచేది, చెవిలో పెట్టుకున్న చిన్న ఇయర్‌ఫోన్‌లో చల్లగా చదివేది. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆమె ఒక ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా తనంతట తానే చదువుకుంది. అందులో ఉన్నది పడవ తాళ్ల ధరలే. అయినా రెండుసార్లు చదివింది.

అలా ఐదేళ్లు సుఖంగా సాగాయి. మొన్న మే నెలలో ఒక సోమవారం పొద్దున బ్రౌజర్ తెరిచేసరికి ఆ బొమ్మ బూడిద రంగులోకి మారిపోయింది. పైన రెండు పేజీల నోటీసు. వరుసలు మళ్లీ ఊగడం మొదలుపెట్టాయి. మునుపటిలాగే కళ్లజోడు సాకు చెబితే హెమింగ్ నోటీసు చదివి వినిపించాడు. వేరే ఆఫీసులో ఎవరో బేరాల ధరలు చూపించే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టుకున్నారట. అది చేతులు మారి, కొత్త యజమాని చేతిలో పేజీల్లోని వివరాలు దొంగిలించడం మొదలుపెట్టిందట. అందుకని రేవు ఆఫీసుతో సహా మునిసిపాలిటీ మొత్తంలో ఎక్స్‌టెన్షన్‌లన్నీ ఆపేశారు. కావలసినవాళ్లు ఫారం నింపి కారణం రాయాలి.

'పనికి కావాలి' అని రాసి పంపింది గున్వర్. కారణం చాలదు, వివరంగా రాయమని జవాబొచ్చింది. ఆమె ఫారం మూసేసింది.

నాలుగో రోజున జర్మనీ నుంచి హెడ్విగ్ అనే తెరచాప పడవ వచ్చింది. వెడల్పు 4.3 మీటర్లని ముందే రాసి పంపారు. గున్వర్ కంటికి అది 3.4గా కనిపించింది. ఆమె చూపించిన చోటికి ఆ పడవ దూరి, రెండు గుంజల మధ్య సీసాలో బిరడాలా ఇరుక్కుపోయింది. రంగు చెక్కుకుపోయింది. యజమాని జర్మన్‌లో తిట్టినవి ఎవరూ అనువదించనక్కర్లేదు. హెమింగ్, మరో ముగ్గురు తాళ్లు కట్టి గంటసేపు లాగితే గానీ బయటపడలేదు.

ఆఫీసులోకి వస్తూనే హెమింగ్ టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. "ఏమొచ్చిందే నీకు? రేవులో పుట్టి పెరిగినదానివి, అంత పడవని ఇంత సందులోకి పంపిస్తావా?"

"అంకెలు తిరగబడ్డాయి."

"కాగితంలోనా?"

"నా కళ్లలో. అక్షరాలూ అంతే. నాకు చదవడం రాదు హెమింగ్. అంటే, వచ్చు... ఆ పనిముట్టు ఉంటే వచ్చు. అది తీసేశారు."

హెమింగ్ రెండు కప్పుల్లో కాఫీ పోశాడు. ఒకటి ఆమె వైపు జరిపి, "మరి ఆ కళ్లజోడు?" అన్నాడు.

"కారు నడపడానికి. దూరపు చూపుది."

"కార్లో ఎప్పుడూ లేదన్నమాట!"

"నా సంచిలో ఉండేది."

"ఆరేళ్లు! వానలో, మంచులో, జ్వరంతో కూడా ఆ డొక్కు కారు దాకా పోయొచ్చానే మహాతల్లీ! నీ సీట్ల కింద పాకీ పాకీ మోకాళ్లు అరిగిపోయాయి!"

"నేనెప్పుడన్నా పొమ్మన్నానా? నువ్వే లేచేవాడివి."

"మర్యాదకి లేచాను! మర్యాదకి!" అన్నాడు హెమింగ్. ఆ మాట అంటూ అంటూ ఆయనకే నవ్వొచ్చింది. గున్వర్ నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. కాస్త తెరిపిన పడ్డాక ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆ ఫారం ఇటియ్యి, నేను రాస్తా" అన్నాడు.

"వద్దు. ఇది నేనే రాయాలి."

ఆ మధ్యాహ్నమంతా రాసింది. ఆమె రాసినది ఇంతే: 'నాకు అక్షరాలు నిలవవు. మా బడిలో దీన్ని బద్ధకం అన్నారు. ఇది ఉంటే నేను చదవగలను. లేకపోతే ఈ ఉద్యోగం చెయ్యలేను. ఉద్యోగం చెయ్యడం నాకిష్టం.' రెండు తప్పులు దొర్లాయి. హెమింగ్ దిద్దబోతే చేతి మీద కొట్టి, అలాగే పంపేసింది.

మూడో రోజు కంప్యూటర్ల విభాగం నుంచి ఎస్కిల్డ్ అనే అతను బస్సెక్కి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. ఎగతాళి చేస్తాడేమోనని గున్వర్ బిగుసుకుని కూర్చుంది. అతను ఆమె పక్కన స్టూలేసుకుని ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీ తెరిచాడు.

"చూడండి గున్వర్ గారూ, మీరు చూసే ప్రతి పేజీనీ ఇది చదువుతుంది."

"చదవడానికే కదా పెట్టుకుంది!"

"చదవడం వరకూ సరే. గొంతు తయారుచెయ్యడానికి ఆ పేజీని బయట ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కి పంపిస్తోంది. అదీ నా బాధ. పడవల వాళ్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు, అన్నీ వెళ్తున్నాయి."

గున్వర్ ముఖం కందిపోయింది. "ఐదేళ్ల నుంచీనా?"

"ఐదేళ్ల నుంచీ."

"ఎవరైనా వాటిని వాడుకున్నారా?"

"వాడుకున్న ఆనవాలేదీ దొరకలేదు. అంతకంటే గట్టిగా చెప్పలేను."

ఆమె కాసేపు తెరకేసి చూసింది. తర్వాత మౌస్ అందుకుని, ఆ బొమ్మ మీద నొక్కి, 'తొలగించు' అన్నచోట తనే నొక్కింది. తనకు చదువు చెప్పిన గొంతు అది.

"ఇంకోటి తెచ్చాను" అన్నాడు ఎస్కిల్డ్. "ఇది గొంతుని ఇక్కడే, ఈ పెట్టెలోనే తయారుచేస్తుంది. గడప దాటదు. కాకపోతే ఆ గొంతు అంత..."

పెట్టి విన్నారు. "జలుబు చేసిన పాస్టర్‌లా ఉంది" అంది గున్వర్.

"అవును" అని ఒప్పుకున్నాడు అతను.

ఇద్దరూ కలిసి దాన్ని సర్దారు. అన్ని సైట్లలో కాకుండా ఉత్తరాల పేజీలోనూ పడవల పేజీలోనూ మాత్రమే పనిచేసేటట్టు అనుమతి తగ్గించాడు ఎస్కిల్డ్. బొమ్మను ఎప్పుడూ కనబడేలా బ్రౌజర్ పైభాగంలో ఉంచాడు. వరుస మీద పరిచే పట్టీ రంగూ, చదివే వేగమూ ఆమె ఎంచుకుంది. వెళ్లబోతుంటే గున్వర్ అతన్ని ఆపింది.

"ఒక మాట. మీరు పంపిన నోటీసు ఉందే, రెండు పేజీలది, అది చదవాలంటే నాకు మీరు ఆపేసిన పనిముట్టే కావాలి."

ఎస్కిల్డ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వారమే నోటీసు అరపేజీకి తగ్గింది, పక్కన వినడానికి ఒక మీట వచ్చింది. కొత్త ఎక్స్‌టెన్షన్ అందరికీ అనుమతించిన జాబితాలోకి ఎక్కింది. అతనే ఫోన్ చేసి చెప్పాడు: "ఇక దీనికి ఎవరూ కారణం రాయక్కర్లేదు. మీది చదివాక ఇంకొకరి చేత రాయించబుద్ధి కాలేదు."

జూన్ నెలాఖరుకి తొమ్మిదిమంది దాన్ని పెట్టుకున్నారని మళ్లీ ఫోన్ చేసి చెప్పాడు. వాళ్లెవరో చెప్పలేదు, ఆమె గుచ్చి అడగనూ లేదు.

హెమింగ్ నోట మాత్రం నువ్వుగింజ నానదు. చేపలు పొగబెట్టే దుకాణం దగ్గర నిలబడి కళ్లజోడు కథను ఊరంతటికీ చెప్పేశాడు. గున్వర్ ఒక రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రోడ్ల మరమ్మతు విభాగంలో పనిచేసే విల్లుమ్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. నారింజ రంగు కోటు, తారు అంటిన చేతులు, చంకలో మునిసిపాలిటీ ఇచ్చిన ల్యాప్‌టాప్. పడవ లేదు, పడవ పనీ లేదు. వాతావరణం గురించి రెండు మాటలు, హెర్రింగ్ చేపల గురించి రెండు మాటలు చెప్పాక, "నువ్వేనటగా... ఆ చదివే దాని సంగతి తెలిసింది?" అన్నాడు గోడ మీది పటాన్ని చూస్తూ.

"నేనే. కూర్చో."

రోడ్డు రోలర్ ముఠాకి మేస్త్రీగా ఉండమని అతన్ని రెండుసార్లు అడిగారు. రాత పరీక్ష ఉంటుందని రెండుసార్లూ వద్దన్నాడు. నడుం నొప్పని చెప్పాడట.

"నాది కళ్లజోడు, నీది నడుం" అంది గున్వర్. "ముందు ఆ పజిల్ ముక్క నొక్కు. అది కాదు, పక్కది."

మంగళవారాల్లో భోజనం వేళ ఇద్దరూ కూర్చుని పరీక్ష పుస్తకం విన్నారు. అక్టోబరులో విల్లుమ్ పరీక్ష రాసి రెండు ప్రశ్నల తేడాతో తప్పాడు. రెండు వారాలు ఆఫీసు వైపు రాలేదు. మూడో మంగళవారం రొట్టె పొట్లంతో వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. నవంబరు చివర్లో మళ్లీ రాసి నెగ్గాడు. ఫలితం వచ్చిన ఉత్తరాన్ని రోలర్ మీదే కూర్చుని, ఫోన్‌లో గున్వర్‌కి పైకి చదివి వినిపించాడు. ఒక మాట దగ్గర తడబడి, ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.