మా అత్త గడియ

మా మేనత్త రంగుల కార్ఖానాలో ముప్పై ఏళ్లు పని చేసింది. గోడ గడియారం చూడటం ఆమెకు చేతకాదు. అడుగున సన్నటి చిల్లున్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేది. నీరెక్కి అది బుడుంగున మునిగితే ఒక గడియ. పసుపు రంగుకు ఒక గడియ, ఎరుపుకు రెండు. మునగ్గానే కాగులోంచి నూలు పైకి లాగేది. ఆ పసుపు కోసం నేతగాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు.

నేనూ అక్కడే నూలు కట్టలకు చీటీలు అంటించేవాణ్ణి. అడిగినా అడక్కపోయినా చెప్పే నోరు నాది. ఒకరోజు యజమాని, "గడియంటే ఎంతసేపురా?" అన్నాడు.

నిఘంటువు చదివిన గర్వం ఊరుకోనిస్తుందా? "ఇరవై నాలుగు నిమిషాలండీ. ఘటిక అంటే చిన్న కుండ. అదే గడియ అయింది. పూర్వం ఇలాగే చిల్లికుండను నీళ్లలో వదిలి కాలం కొలిచేవారట" అని వాగేశాను.

వారం తిరక్కుండా ఇరవై నాలుగు నిమిషాలకు మోగే గంట వచ్చింది. "పెద్దదానివయ్యావు, ఇంటిపట్టున ఉండమ్మా" అని అత్తను పంపేశాడు. నా నోటి దురద ఆమె నోటికాడి కూడు లాగేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అత్త మాత్రం, "నువ్వేం చేస్తావులేరా" అని నాకే అన్నం పెట్టింది.

అటు కార్ఖానాలో అత్త చెప్పిన పాళ్లలోనే రంగు కలిపినా పసుపు మట్టిరంగుకు తిరిగింది. ఎందుకో అంతుపట్టక, అత్త ఇంటికి తెచ్చుకున్న గిన్నెను బకెట్లో వదిలి నా చేతి గడియారం చూశాను. పంతొమ్మిది నిమిషాలకే మునిగింది. ముప్పై ఏళ్లు బూడిదతో తోమి తోమి చిల్లు పెద్దదైపోయింది. దానికి తగ్గట్టు, తనకే తెలియకుండా, అత్త రంగు చిక్కగా కలపడం మరిగింది.

"ఎంతొచ్చిందిరా?" అంది.

"పంతొమ్మిది."

"అయితే ఆయనకి చెప్పేయ్. పాపం, నూలంతా పాడైపోతోంది."

నాకు ఏడుపొచ్చింది. ఆ అంకె చెప్పేస్తే గంటను సరిచేసుకుంటారు, ఇక ఆమెతో పనేముంది?

మర్నాడు యజమాని పాడైన కట్ట నా ముందు పడేశాడు. "మీ అత్త గడియ ఎంతసేపో నీకేమైనా తెలుసా?"

తెలిసింది దాచుకోవడం నా ఒంట్లో లేదు. నాలుక కొసదాకా వచ్చింది, మింగేశాను.

"నాకు తెలీదండీ. ఆవిణ్ణే అడగాలి."

ఆయన చెప్పులేసుకున్నాడు.

"పద, ఇల్లు చూపించు."