మా పెద్దన్న సంగతి నేను చెప్పలేదు

మా పాప హేమకు అప్పుడు పదహారేండ్లు. ఒక మంగళవారం పొద్దున నేను లేచి చూస్తే కుట్టుమిషన్ పక్కన పెట్టుకున్న బ్లౌజు గుడ్డలన్నీ కత్తిరించి ఉన్నాయి. పట్టువీ, కాటన్‌వీ, లైనింగ్ గుడ్డలూ అన్నీ ఒకదానికొకటి కుట్టి, గోడ నుంచి గోడ దాకా పెద్ద పరదా కట్టింది. అవి ఆండర్సన్‌పేటలో ఇంటింటివాళ్ళూ నన్ను నమ్మి ఇచ్చిన గుడ్డలు.

"ఏందే ఇది?" అన్నాను.

"పండుకోలేదమ్మా నేను. నిద్రే అక్కర్లేదు నాకు. చూడు ఎంత బాగుండాదో! ఇట్లాంటివి పేటంతా కట్టాల" అనింది. కండ్లు మెరుస్తా ఉన్నాయి. మాట మీద మాట, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు.

మా ఆయన అప్పటికే బెంగళూరు రైలుకు పోయినాడు. కోలారు బంగారు గని మూసేసినాక అక్కడ సెక్యూరిటీ పని చేసేవాడు. ఇంట్లో నేనూ పాపే. నేను గోడకు ఆనుకుని అట్లే కూర్చుండిపోయినాను. ఎందుకంటే ఆ కండ్లు నేను ముందే చూసినాను.

మా పుట్టినూరు శ్రీనివాసపురం దగ్గర. మా పెద్దన్న పందొమ్మిదేండ్లప్పుడు ఇట్లే నిద్ర మానేసినాడు. నవ్వుకుంటా, పాడుకుంటా, కొత్తగా నాటిన మామిడి మొక్కలన్నీ పీకి వేరే వరసలో పెట్టినాడు. ఆ తరవాత నెలల తరబడి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నా పెండ్లిచూపులప్పుడు ఆయన్ని తోటలో షెడ్డులో ఉంచి, పెద్దబ్బాయి మిలిటరీలో ఉండాడని చెప్పినారు. మా ఆయనకు నిజం తెలిసింది హేమ పుట్టినాకే. గొడవ చేయలేదు. "పాప చెవిలో పడనీయొద్దు" అన్నాడు, అంతే.

ఆ మంగళవారమే ఆసుపత్రికి తీసుకుపోయి ఉండాల్సింది. నేను గుడ్డల వాళ్ళకు ఏం చెప్పాలా అని ఆలోచించినాను గానీ పాప గురించి ఆలోచించలేదు. పరీక్షల టెన్షన్ అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

తొమ్మిది రోజులకు రాబర్ట్‌సన్‌పేట నుంచి ఫోను వచ్చింది. బజారులో ఎవరిదో స్కూటరు తాళంచెవితో సహా నిలిపి ఉంటే హేమ ఎక్కి పోయింది. హారన్ కొట్టుకుంటా, చెయ్యెత్తి అందరికీ ఊపుకుంటా మలుపు తిరిగి, ఆకుకూరలు అమ్ముకునే ఒక ముసలాయన మీదికి పోయింది. ఆయన తొడ ఎముక విరిగింది. పట్టుకోవడానికి వచ్చిన కానిస్టేబులమ్మ చెంప మీద కొట్టింది. నేను పోయేసరికి స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, "అమ్మా, వీళ్ళకు నేనెవరో తెల్దు" అని నవ్వుతా ఉండాది.

పద్దెనిమిది నిండని పిల్లల కేసులు చూసే బోర్డు కోలారులో ఉండాది. కోర్టు మాదిరి ఉండదు. మేజిస్ట్రేటు మేడం మామూలుగా టేబుల్ అవతల కూర్చుని అడుగుతారు. ఆమె హేమ మాటలు కాసేపు విని, "ఈ పిల్లను డాక్టరుకు చూపించి రిపోర్ట్ తెప్పించండి" అన్నారు. అంతదాకా పాపను ఆడపిల్లల హోములో ఉంచినారు.

మా ఆయనకు డ్యూటీ మానేదానికి వీల్లేదు, అప్పటి నుంచి నా తిరుగుడు మొదలైంది. బంగారుపేట మీదుగా బస్సు, హోము, బోర్డు, ఆసుపత్రి, మళ్ళీ బస్సు. ఒక రోజు డాక్టరు లేరంటారు. ఒక రోజు ఎస్కార్ట్ పోలీసు దొరకలేదంటారు. కుట్టుపని ఆగిపోయింది. ఇంటికి వస్తే చెప్పులు విప్పుకోవడానికి కూడా బేజారు.

ఆసుపత్రికి పోయే వంతు వచ్చేసరికి మూడు వారాలైంది. ఆ లోపల పాప పూర్తిగా మారిపోయింది. నవ్వు లేదు, మాట లేదు. హోములో అన్నం ముందు పెట్టుకుని అట్లే కూర్చునేదంట. ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని గోరుతో గోరు గీక్కుంటా, "నన్ను యాడన్నా వదిలేసి పోమ్మా" అనింది.

ఆ పరీక్షను అసెస్‌మెంట్ అంటారు. ఒక్క రోజులో అయ్యేది కాదు. రక్తం తీసినారు, థైరాయిడ్ చూసినారు. తలకు తీగలు అంటించి ఈఈజీ తీసినారు. సైకాలజిస్ట్ అమ్మాయి ఒకామె రెండు పూటలు పాపతో లెక్కలు, బొమ్మలు, ప్రశ్నలు చేయించింది. ప్రొబేషన్ ఆఫీసరు సారు మా ఇంటికి వచ్చి, చుట్టుపక్కల వాళ్ళను అడిగి రాసుకున్నారు. చివరికి సైకియాట్రిస్ట్ డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. ఆమెది కన్నడ, నాతో తెలుగు కలిపి మాట్లాడేది.

కాన్పు ఎట్ల అయింది, తలకు దెబ్బ తగిలిందా, ఫిట్స్ వచ్చినాయా, ఇంట్లో కొడతారా, అన్నీ అడిగింది. అన్నిటికీ చెప్పినాను. అప్పుడడిగింది:

"అమ్మా, మీ వైపు గానీ మీ ఆయన వైపు గానీ మానసిక జబ్బు ఎవరికైనా ఉందా? నిద్ర లేకుండా ఎక్కువ మాట్లాడడం, ఎక్కువ ఉత్సాహం, తరవాత డల్ అయిపోవడం?"

ఇది కోర్టుకు పోయే కాగితం. దాంట్లో మా అన్న పేరు పడితే రేపు పాపను ఎవరు చేసుకుంటారు? పిచ్చి వంశం అంటారు.

"ఎవరికీ లేదు మేడం" అన్నాను.

"ఇంతకుముందు పాప ఎప్పుడైనా నిద్ర లేకుండా...?"

"లేదు మేడం. పరీక్షలకు చదువుకునింది, అంతే."

పరదా సంగతి కూడా చెప్పలేదు. కేసు కాగితాల్లో స్కూటరు సంగతి ఉండాది గానీ, డాక్టరమ్మ కండ్ల ముందు కనిపించింది తల వంచుకున్న పిల్లే. ఆమె చూసినదాన్ని బట్టి, నేను చెప్పినదాన్ని బట్టి రాసింది. డిప్రెషన్, కౌన్సెలింగ్ అవసరం, మందులు మొదలుపెట్టినాము అని. ఆ రిపోర్ట్ చూసి బోర్డు పాపను నా పూచీ మీద ఇంటికి పంపింది. చెప్పకుండా ఊరు దాటకూడదని షరతు.

డిప్రెషన్ మాత్ర రోజుకొకటి. రెండు వారాలకు పాప తల దువ్వుకునింది. మూడో వారం బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. నాలుగో వారం నా చీరలు పక్కింటి వాళ్ళకు పంచిపెట్టింది. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం నేను రేషన్ కోసం పోయి వచ్చేసరికి ఇంట్లో లేదు.

సాయంత్రానికి మా వదిన ఫోను చేసింది. వదినంటే మా పెద్దన్న భార్య, శ్రీనివాసపురం దగ్గర మా పుట్టింట్లోనే ఉంటుంది. "నీ కూతురు మామిడి మండీలో ఉండాది, రా" అనింది.

అది సీజను. నేను పోయేసరికి మండీ బయట లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. హేమ ఒక లారీ మీద, మామిడి పెట్టెల పైన నిలబడి హమాలీలకు ఆర్డర్లు వేస్తా ఉండాది. "ఇవన్నీ ఢిల్లీకి! అవన్నీ నాకు!" గొంతు బొంగురు పోయింది. కింద జనం సెల్ఫోన్లు పట్టుకుని నవ్వుతా ఉండారు. మా వదిన ఒక్కతే చక్రం పక్కన నిలబడి, చేతులు చాచి, "దిగమ్మా బంగారూ, మెల్లిగా దిగు" అంటా ఉండాది.

ఇద్దరం దించి వదిన వాళ్ళింటికి తీసుకుపోయినాము. మా అన్న అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటా ఉండాడు. హేమను చూసినాడు. చాలాసేపు చూసి, "దీనికి కూడా వచ్చిందా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. వదిన నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"డాక్టరుకు మీ అన్న సంగతి చెప్పినావా?"

"లేదు వదినా."

"అడగలేదా?"

"అడిగింది. లేదని చెప్పినాను."

వదిన నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండు. బియ్యం డబ్బా పక్కన ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. మా అన్న మందుల చీటీలు. "నేను ఈ మనిషిని చేసుకుని పదిహేనేండ్లాయ. ఈ మాత్రలు మింగుతా తోట చూసుకుంటా ఉండాడు. నాకు లేని సిగ్గు నీకెందుకే? ఈ కవరు తీసుకుని రేప్పొద్దున్నే పో."

మరుసటి రోజు ప్రొబేషన్ ఆఫీసరుకు నేనే ఫోను చేసి, పాప ఊరు దాటిందని చెప్పినాను. "నేరుగా ఆసుపత్రికి తీసుకురండమ్మా, నేనూ వస్తాను" అన్నారు.

డాక్టరమ్మ ముందు కవరు పెట్టి అంతా చెప్పినాను. పరదా, అన్న, మిలిటరీ అబద్ధం. ఆమె చీటీలు ఒక్కొక్కటే తిరగేసి చదివింది. కోపంగా లేదు, అలసిపోయినట్లుండింది.

"అమ్మా, ఇది బైపోలార్, మనసు కొన్నాళ్ళు బాగా పైకి లేచి, కొన్నాళ్ళు కింద పడిపోయే జబ్బు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఇట్ల పైకి లేచిపోవచ్చు. ఈ మాట మొదటి రోజు తెలిసుంటే నేను ఆ మాత్ర ఒక్కటే ఇచ్చేదాన్ని కాదు."

"నా వల్లే అయింది మేడం."

"అది కాదు ఇప్పుడు మాట. మీ అన్నకు లిథియం అనే మందు బాగా పనిచేసింది, చూడండి. రక్తసంబంధంలో ఒకరికి పనిచేస్తే ఇంకొకరికి కూడా పనిచేసే అవకాశం ఎక్కువ. మీరు తెచ్చిన ఈ చీటీ మనకు ఇప్పుడు చాలా పెద్ద సాయం."

వార్డులో ఇరవై రెండు రోజులున్నాము. మొదటి వారం పాప నన్ను గుర్తుపట్టి కూడా తిట్టింది. తరవాత నిద్ర వచ్చింది. ఒక పొద్దున కండ్లు తెరిచి, "అమ్మా, ఆ తాత బతికుండాడా?" అని అడిగింది. అదే ఆమె అడిగిన మొదటి మంచి మాట.

కొత్త రిపోర్ట్ బోర్డుకు పోయింది. ఆ రోజు ఆకుకూరల ముసలాయన కూడా కర్ర పట్టుకుని వచ్చినాడు. హేమ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమని అడిగింది. ఆయన తల ఎత్తలేదు. "జబ్బంటే నాకేం తెలుస్తాదమ్మా. కాలు నొస్తా ఉండాది, అది తెలుసు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. జబ్బు పేరు దొరికిందని మాకు కొంచెం ఊపిరి వచ్చింది గానీ, ఆయనకు దాంతో ఒరిగిందేమీ లేదు.

మేజిస్ట్రేటు మేడం పాపను ఇంట్లోనే ఉంచి, రెండేండ్లు ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో చికిత్స చేయించమని ఆర్డరు ఇచ్చినారు.

అంతటితో అయిపోయిందనుకోకండి. లిథియం వల్ల చేతులు వణుకుతాయి, దాహం, ఒళ్ళు వస్తుంది. మొదటి ఏడాది రెండుసార్లు నాకు తెలీకుండా మాత్రలు పారేసింది. రెండోసారి మళ్ళీ వార్డు. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు అయితే రక్తంలో మందు లెవెల్ పెరిగిపోతుంది, వెంటనే డాక్టరుకు చెప్పాలి. మూడు నెలలకొకసారి లెవెల్ టెస్ట్, దాంతోపాటు కిడ్నీ, థైరాయిడ్. నేను క్యాలెండరులో తేదీలు రాసుకుని ఆ ప్రకారం బతుకుతా ఉండాను.

ఇప్పుడు హేమకు ఇరవై మూడు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయింది. రాబర్ట్‌సన్‌పేటలో ఒక జిరాక్స్ అంగట్లో పనిచేస్తుంది. మంచి రోజులున్నాయి, మబ్బు రోజులున్నాయి. కొంచెం గట్టిగా నవ్వితే నేను తల తిప్పి చూస్తాను. "నవ్వు కూడా లెవెల్ టెస్ట్ చేయిస్తావా అమ్మా?" అంటుంది. పెండ్లి మాట ఒకరు తెచ్చినారు. జబ్బు సంగతి చెప్పినాము. వాళ్ళు మళ్ళీ రాలేదు. పాప ఆ రోజు మామూలుగానే అన్నం తినింది. నేను తినలేకపోయినాను.

నాలాంటి అమ్మలకు ఒక్క మాట. పిల్లలు కేసులో ఇరుక్కుని డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తే, ముందు రోజే కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. మీ రెండు వైపులా ఎవరికి ఏం జబ్బు వచ్చింది, ఏ వయసులో వచ్చింది, ఏ మందుకు తగ్గింది. పిల్లల్లో మీరు మొదట చూసిన మార్పు ఏంది, ఏ రోజు. డాక్టరు అడిగినప్పుడు నోరు పెగలకపోతే మాట్లాడొద్దు, ఆ కాగితం టేబుల్ మీద పెట్టేయండి.