మూలగదిలో ఎవరూ లేరు

హిల్డా కాళ్లు అరిగిపోయింది తను పనిచేసే పబ్ కట్టిన తీరు వల్లే. విక్టోరియా రాణి కాలపు మేస్త్రీలు చెక్క కనబడితే గోడ కట్టకుండా ఊరుకునే రకం కాదు. ఒక్క కప్పు కింద నాలుగు గదులు, నాలుగింటికీ వేర్వేరు వీధి గుమ్మాలు, మధ్య మధ్య మహాగని అడ్డుగోడలు. అన్ని గదులకూ బీరు అందిస్తూ నడుమ తిరిగే మనిషి మాత్రం ఒక్కతే. పెళ్లికి ముందు చేరింది. మోకాళ్లు వాచిపోయినా తిరుగుతూనే ఉంది.

అన్నిట్లోకీ చిన్నది మూలగది. అక్కడ బీరు అందించే బల్ల మీద, తాగేది ఎవరో కనబడకుండా, మనిషి మొహం ఎత్తున పువ్వులు చెక్కిన మసక అద్దాలు వరసగా ఉంటాయి. లోపలున్నవాళ్లు ఒక అద్దాన్ని వేలితో తోసి, గ్లాసు అందుకుని, మూసేస్తారు. బర్మింగ్‌హామ్ పబ్బుల్లో పనికి చేరిన మొదటిరోజే నేర్పే మాట ఒకటుంది: ఎవరడిగినా మూలగదిలో ఎవరూ లేరు. మొగుళ్లు అడిగినా అంతే, పోలీసులు అడిగినా అంతే.

మధ్యాహ్నాలు అక్కడ కూర్చునేది ఈడిత్ టాలీ. మందు ముట్టడమే పాపమనే చర్చిలో ఆర్గాన్ వాయించే ముసలావిడ. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన సుఖమల్లా ఆ మూల, ఆ అరగ్లాసు నల్లబీరు.

పంతొమ్మిదివందల డెబ్బై నాలుగు మార్చిలో ఒక మధ్యాహ్నం, పబ్ సొంతదారులైన బీరు కంపెనీ ఆఫీసరు టేపు పట్టుకుని దిగాడు. గోడలు కొలుస్తూ కొలుస్తూ మసక అద్దాల దగ్గర ఆగాడు.

"ఇందులోకి ఎవరైనా వస్తుంటారామ్మా?"

"అబ్బే, ఎవరూ రారు బాబూ," అంది హిల్డా. ఆలోచించి అన్న మాట కాదు.

అవతలి గుమ్మం దాకా వెళ్లాక చెప్పాడతను. "జనం వచ్చే గదైతే ఉంచమన్నారు. రారంటున్నావుగా, సోమవారం ముందు దాన్నే పడగొట్టిస్తా."

హిల్డా అతన్ని పిలవబోయి ఆగింది. నిజం చెబుదామంటే, ఎవరొస్తారని అడుగుతాడు. తొంగి చూస్తాడు కూడా. పైగా గోడలు పోతే ఈ తిరుగుడు తప్పుతుందన్న ఆశ లోపలెక్కడో మెదిలింది. తనమీద తనకే రోత పుట్టింది. ఈలోగా అతను వెళ్లిపోయాడు.

అద్దం తిరిగింది. ఖాళీ గ్లాసు బయటికొచ్చింది.

"నీ కడుపు చల్లగుండ! నువ్వున్నంతకాలం ఈ గదికేం ఢోకా లేదే పిల్లా," అంది, గుమ్మం దగ్గర అతనన్న మాట వినబడని ఈడిత్.

"సోమవారం పడగొట్టేస్తారటమ్మా," అంది హిల్డా, ఏడుపు ఆపుకోలేక. "ఎవరూ రారని నేనే చెప్పాగా. నా నోరు పడిపోను!"

అద్దం సందులోంచి ముసలి చెయ్యి వచ్చి హిల్డా చేతిని తట్టింది.

"ఊరుకో," అంది ఈడిత్. "నా పేరు చెప్పుంటే మాత్రం, మళ్లీ ఇక్కడికి ఏ మొహం పెట్టుకుని వచ్చేదాన్నే?"