బీరువా లేని ఇల్లు

నెట్ రావట్లేదని ఎవరు ఫోన్ చేసినా, కంపెనీ తరఫున రిపేర్లు చూసే అంజుమ్ రూటర్ సంగతి అడగదు. దీపం ఎర్రగా ఉందా పచ్చగా ఉందా అని కూడా అడగదు. "మీ ఇంట్లో బీరువా ఎక్కడుంది?" అంటుంది.

కొత్తవాళ్లు తెల్లబోతారు. ముక్కూ మొహం తెలియని మనిషి బీరువా జాడ అడిగితే ఎవరి గుండైనా ఝల్లుమంటుంది. ఒక రిటైర్డ్ మాస్టారైతే ఫోన్ పెట్టేసి ముందు తలుపు గడియ వేసుకున్నాడు. సాయంత్రానికి నెట్ లేక తట్టుకోలేక తనే మళ్లీ చేసి, "పడకగదిలో, నైరుతి మూల" అని నీరసంగా ఒప్పుకున్నాడు.

నైరుతి అని అంజుమ్‌కి ముందే తెలుసు. భద్రాచలంలో ఏ ఇంట్లోనైనా బరువు నైరుతిలోనే ఉండాలి కదా! లైన్ వేసే కుర్రాళ్లు వెనక సందులోంచి తీగ లాగి, అందిన కిటికీలోంచి లోపలికి తోసి, రూటర్‌ని ఆ బీరువా నెత్తినే పెట్టి చక్కా పోతారు. ఇంటివాళ్లకీ అది ముచ్చటగానే ఉంటుంది, విలువైన వస్తువు పిల్లల చేతికి అందదని. ఆపైన ఇల్లాలు మిక్సీకి కుట్టినట్టే దానికీ ఒక గుడ్డ తొడుగు కుట్టి, అంచుకి లేసు వేస్తుంది. కింద ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, పైన తొడుగులో రూటర్ ఉడికిపోయి మాటిమాటికీ ఆగిపోతుంది. ఇంటిల్లిపాదీ వంటింట్లో ఫోన్లు పైకెత్తి పట్టుకుని కంపెనీవాణ్ణి తిడుతుంటారు.

"తొడుగు తీసి మడిచి దాచుకోండమ్మా, రూటర్‌ని తెచ్చి హాల్లో గోడకి తగిలించండి," అంటుంది అంజుమ్. పదింట తొమ్మిది ఇళ్లలో అంతటితో సరి. అందుకే ఆమెకి ధీమా. నమాజుకి పడమర ఎటో ఎంత బాగా తెలుసో, ఊళ్లో ఎవరింట నైరుతి ఎటో అంత బాగా తెలుసు.

ఈ ధోరణి ఒక్క మనిషికి మాత్రం గిట్టదు. ఆమె తండ్రి అబ్దుల్ సత్తార్. ఎందుకంటే ఆ బీరువాల్లో చాలా వాటిని చేసింది ఆయనే. ఖమ్మంలో పని నేర్చుకుని, భద్రాచలంలో కొట్టు పెట్టి, రేకు వంచి, వెల్డింగు పెట్టి, రంగు కొట్టి, ఎందరి పెళ్లిళ్లకో బీరువాలు పంపించాడు. కంపెనీ బీరువాలు దిగాక ఇప్పుడు గేట్లు, కిటికీ ఊచలు, రేకులు కోసే పని మిగిలింది. "నా బీరువా ఎవల సొమ్మూ పోనియ్యలే. నా బిడ్డేమో ఊరంతా తిరిగి దాన్నే దొంగను చేస్తున్నది," అని అన్నం దగ్గర రోజూ గొణుగుతాడు. అంజుమ్ నవ్వి ఇంకో రొట్టె వేస్తుంది.

ఆ ముసురు రోజు పొద్దున వచ్చిన ఫోన్ అందుకే ఆయనకి పండగైంది.

చేసినవాడు దూలయ్య. చర్ల దారిలో అడవి అంచున ఉన్న ఊరు. కోయ రైతు. "సత్తార్ భాయ్ బిడ్డవేనామ్మా? మొన్న మీ నాయన దగ్గర రేకులు కోయించుకున్న. మా ఇంట్ల నెట్టు ఉన్నది, మా బిడ్డకు అందుతలేదు. మూడు గంటలకు దానికి వీడియోల ఇంటర్వ్యూ ఉన్నది."

"అట్లనా. బీరువా ఎక్కడుంది పెదనాయనా?"

"బీరువానా? మా ఇంట్ల బీరువా ఎక్కడిదమ్మా! ట్రంకు పెట్టె కూడా లేదు."

అంజుమ్ ఫోన్‌ని చెవి నుంచి తీసి ఒకసారి చూసుకుంది. పక్కనే చాయ్ తాగుతున్న సత్తార్ గ్లాసు కింద పెట్టి, చేతులు తుడుచుకుని లేచాడు. "నేను కూడా వస్త బేటా. బీరువా లేని ఇంట్ల ఎవల మీద నేరం పెడ్తవో చూస్త." పని సంచీ భుజాన వేసుకుని స్కూటీ వెనక ఎక్కి కూర్చున్నాడు. ఆ సంచీ లేకుండా ఆయన పెళ్లికి కూడా వెళ్లడు.

ఊరు చేరేసరికి చినుకులు పలచబడ్డాయి. పెంకుటిల్లు, ముందు వాకిలి, వాకిలి అవతల విడిగా చిన్న గుడిసె. అరుగు మీద దూలయ్య తల్లి ముత్తక్క కూర్చుని ఉంది. ఆమె వీళ్లని పైనుంచి కిందికి చూసి, "గుడిసె తట్టు పోకుండ్రి. పురుడు ఇంకా తీరలే," అంది.

సంగతంతా దూలయ్య చెప్పాడు. కూతురు సుజన ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో పని చేస్తుంది, భర్తతో అక్కడే ఖానాపురం హవేలిలో కిరాయికి ఉంటుంది. కాన్పుకి పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టి వారం దాటింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం పురుడు తీరేదాకా తల్లీబిడ్డా ఆ గుడిసెలోనే ఉండాలి, దేవుడున్న పెద్దింటి గడప తొక్కకూడదు. ఇప్పుడు ఒక కొత్త ఉద్యోగం ఉంది: అడవి ఊళ్ల రోగులు ఫోన్లో డాక్టరుతో మాట్లాడేటప్పుడు మధ్యలో ఉండి కోయ మాటని తెలుగులోకి, తెలుగు మాటని కోయలోకి చెప్పే పని. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. అది రాకపోతే సెలవు అయిపోగానే బిడ్డని ముసలామె దగ్గర వదిలి సుజన పాత పనికే వెళ్లాలి. ఇంటర్వ్యూ ఇవాళ తప్పితే మళ్లీ లేదు.

"తల్లి లేని పిల్ల. తన బిడ్డనన్న విడిచిపెట్టకుండ ఉండాలని దాని పావురం, అంత ప్రేమ," అన్నాడు దూలయ్య. ఆ మాటతో అంజుమ్‌కి నవ్వులాట పోయింది. తన పిల్లవాణ్ణి వదిలి పనికి బయల్దేరిన మొదటి రోజు ఎట్లా ఏడ్చిందో ఆమెకి ఇంకా గుర్తుంది.

ముత్తక్క ఒప్పుకున్నాక అంజుమ్ కాళ్లు కడుక్కుని పెద్దింట్లోకి వెళ్లింది. రూటర్ ముందు గదిలో అటక మీద ఉంది. లైన్ బాగుంది, తీగని ఎలుకలు కొట్టలేదు, ఫోన్ పెట్టి చూస్తే వీడియో గడగడా ఆడింది. రూటర్‌ని అటక దించి, తీగ అందినంత మేర జరిపి, వాకిలి వైపు కిటికీలో పెట్టింది. రెండు పేర్లతో వచ్చే నెట్టులో దూరం వెళ్లేదాన్నే పట్టుకోమని సుజనకి కేక వేసి చెప్పింది.

"పట్టుకున్న అక్కా! ఒక్క గీత వస్తది, పోతది!" గుడిసెలోంచి జవాబు వచ్చింది.

వాకిలి ఎంతని? గట్టిగా తుమ్మితే వినపడేంత. మధ్యలో చెట్టు లేదు, గోడ లేదు. అంజుమ్‌కి ఒళ్లు మండింది. ఇంత దూరానికి అందకపోతే అది రూటర్ ఎందుకు, ఉప్పు డబ్బా! తన సంచీలోంచి పొడుగు తీగ చుట్ట తీసి, "ఇవన్నీ ఎందుకు, తీగే గుంజేస్త," అంటూ అరుగు దిగింది.

ముత్తక్క కర్ర అడ్డం పెట్టింది. "తీగ గుంజితే గుడిసెని ఇంటికి కట్టేసినట్టే గదా. మైల ఇంట్లకు రాదా?"

దూలయ్య తల దించుకున్నాడు. అంజుమ్ తీగని తిరిగి చుట్టేసింది. ఆమెకి ఆ మాట వింతగా అనిపించలేదు. కాన్పయ్యాక చిల్లా అని నలభై రోజులు తనని గది దాటనివ్వకుండా కాపలా కాసిన నానీ, ఆ అమ్మమ్మ గొంతే అది, మాట తేడా అంతే. "అయితే అవ్వా, తీగ లేకుండ గాలిల పోతే?"

ముత్తక్క ఆలోచించింది. తొందరపడలేదు. "గాలికి మైలేంది? గాలి అందరిదీ."

"అవ్, గాలిలనే పంపుత," అంది అంజుమ్. అప్పుడు వాకిట్లో నిలబడి మొదటిసారి ఆ గుడిసెని సరిగ్గా చూసింది. చూసి నడుం మీద చేతులు వేసుకుంది.

కప్పు రేకు. నాలుగు గోడలూ రేకు. తలుపు రేకు, అదీ అవతలి వైపుకి. తళతళా మెరిసే కొత్త ఇనప రేకు. ఇదివరకు అక్కడ తాటాకు గుడిసె ఉండేదట, తడకల గోడలతో. వానాకాలం కాన్పు, తల్లి లేని పిల్ల, ఒక్క చుక్క కూడా పడొద్దని దూలయ్య పాతది పీకేసి ఇది కట్టించాడు.

"సుజనా! బీరువా లేదన్నరు, నువ్వు బీరువాలనే కూసున్నవు గదా!"

లోపల్నుంచి నవ్వు, ఆ నవ్వుకి బిడ్డ ఏడుపు. సత్తార్ మాత్రం నవ్వలేదు. గుడిసె చుట్టూ తిరిగి వచ్చి, తలుపు చట్రం దగ్గర ఆగి, గొళ్లేన్ని వేలితో తట్టాడు. "నా చేతి పనే," అన్నాడు మెల్లగా. "గుడిసెకన్నడు, పురుటి గుడిసెకని చెప్పలే."

"చూసినవా అబ్బా!" అంది అంజుమ్ తండ్రితో. కానీ దూలయ్య మొహం చూసి అక్కడితో ఆగింది. బిడ్డ కోసం ప్రేమగా కట్టిందే బిడ్డకి అడ్డమైందని ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సత్తార్ వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, వాన ఆపమంటే ఆపింది గదా. దాని పని అది చేసింది. ఇప్పుడు గాలిని రానియ్యమని చెప్దాం."

పెద్దింటి వైపు ఉన్న రేకు గోడని మేకులు పీకి ఊడదియ్యాలి, అంతే. మరి ఆ ఖాళీలో ఏం పెట్టాలి? ముత్తక్క కర్రతో పశువుల కొట్టం వైపు చూపించింది. పాత గుడిసె వెదురు తడక అక్కడ భద్రంగా ఆనించి ఉంది. "పారెయ్యకురా అని మొత్తుకున్న. విన్నడా?" అంది కొడుకుని చూస్తూ.

సత్తార్ సంచీ విప్పాడు. రేకు ఊడింది, తడక నిలబడింది. అటు పెద్దిల్లు అడ్డం ఉంది కాబట్టి జల్లు కొట్టదు. "రెండు గీతలు!" అని కేక వేసింది సుజన. ఫోన్ మాట్లాడటానికి చాలు. మొహం కనపడటానికి చాలదు.

"మూడోది నేనిప్పిస్త," అన్నాడు సత్తార్. ఆయన ఎప్పుడూ అంత ధీమాగా నెట్టు సంగతి మాట్లాడలేదు. "ఇనుము అడ్డం పెడ్తే ఆపుతదన్నవు. వెనక పెడ్తే?"

అంజుమ్ తండ్రి వైపు చూసింది. లైటు వెనక రేకు పెడితే వెలుగు ముందుకి పడదూ! ఇన్నాళ్లూ ఇనుముని తిట్టడమే గాని, దాన్ని పనిలోకి పిలవాలని తనకి తోచలేదు.

సత్తార్ ఊడదీసిన రేకు ఎత్తబోయాడు. ముత్తక్క కర్ర మళ్లీ లేచింది. గుడిసె రేకు ఇంట్లోకి రాకూడదు, గుడిసె ముట్టిన మనిషి కూడా స్నానం చేస్తే గాని రాకూడదు. ఇంటి వెనక మిగులు ముక్క ఉందని ఆమే చెప్పింది. సత్తార్ వాకిట్లోనే దాన్ని కోసి, మోకాలికి అదిమి, చేట వంపు తెచ్చి, నీళ్లు చల్లించుకుని అరుగు అంచున పెట్టాడు. గుడిసె జోలికి పోని అంజుమ్ దాన్ని లోపలికి తీసుకెళ్లి రూటర్ వెనక నిలబెట్టింది. తండ్రి అటు, కూతురు ఇటు.

"ఎడమకు తిప్పు బేటా! అరే, గంత కాదు. కొంచెం వెనక్కి. ఆగు!"

"మూడు గీతలు!" అని సుజన అరిచింది.

కుడివైపుకి ఇంకో వేలెడు తిప్పేసరికి నిండుగా వచ్చేశాయి. సత్తార్ వాకిట్లో నిలబడి, తన కొట్టు ముందు మొదటి బీరువా బండెక్కిన రోజు నవ్విన నవ్వు నవ్వాడు. కిటికీలోంచి అంజుమ్ తండ్రిని గర్వంగా చూసింది. అన్నం దగ్గర తను వేసిన ఎకసెక్కాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఇంటర్వ్యూ మొదలైంది. ఇద్దరు మనుషుల గొంతులు తడక సందుల్లోంచి వాకిట్లోకి తేటగా వినపడుతున్నాయి. చదువు, అనుభవం, అవీ ఇవీ అడిగారు. చివరికి ఒకావిడ, "మీ పక్కన కోయ మాట్లాడే పెద్దవాళ్లెవరన్నా ఉన్నారా? వాళ్ల ఆరోగ్యం గురించి అడిగి మాకు చెప్పండి," అంది.

సుజన తడక దగ్గరికి జరిగి అవ్వని పిలిచింది. అరుగు మీంచి ముత్తక్క పలికింది. మనవరాలు ఒక ప్రశ్న వేసింది, అవ్వ ఒక ముక్కలో చెప్పింది. ఇంకో ప్రశ్న. ఈసారి అవ్వ చాలాసేపు చెప్పింది, చేత్తో తల చుట్టూ తిప్పి చూపిస్తూ. అంజుమ్‌కి ఒక్క మాట అర్థం కాలేదు. కానీ సుజన గొంతు మారడం తెలిసింది. తర్వాత ఆమె గట్టిగా మందలించడం మొదలుపెట్టింది. అవ్వ ఎదురు చెప్పింది. దూలయ్య కంగారుపడి లేచాడు. అవతల ఇంటర్వ్యూ చేసేవాళ్లున్నారన్న సంగతే ఇద్దరూ మర్చిపోయారు.

"సుజన గారూ," అంది ఫోన్లో ఆవిడ, "ఏమంటున్నారు?"

సుజన ఫోన్ వైపు తిరిగింది. అంజుమ్ కిటికీ దగ్గర రేకు కదలకుండా పట్టుకుని నిలబడింది, లైన్ పోతుందేమోనని.

"మేడమ్, బీపీ గోళీలు తల తిరిగిన రోజే వేసుకుంటున్నదట," అంది సుజన. "తిరగని రోజు దాచుకుంటున్నదట, వాన కాలంల దవాఖానాకు పోలేమని. రోజూ వేసుకోవాలని ఆమెకు అర్థమయ్యేటట్టు ఎవ్వరూ చెప్పలేదట. నేను దవాఖానాల పని చేస్తున్న మేడమ్. వచ్చి ఇన్ని రోజులైంది. నేను కూడా అడగలే."

అటువైపు ఇద్దరూ తమలో తాము ఏదో అనుకున్నారు. అప్పుడు ఆవిడ అంది: "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చేరగలరా? పాపతో ఇబ్బంది కాదు కదా?"

దూలయ్య వాకిట్లో తడి మట్టి మీదే కూలబడ్డాడు. సత్తార్ తల పైకెత్తి అల్లాకి షుక్రియా చెప్పుకున్నాడు. ముత్తక్కకి ఉద్యోగం సంగతి ఇంకా ఎక్కలేదు. ఆమె చూరులో దోపిన గోళీల పొట్లం తీసి ఒకటి చేతిలో వేసుకుని, నీళ్ల చెంబు అందుకుంది.

తడక వెనక నుంచి సుజన, గడప దాటలేని మనిషి, కోయలో గట్టిగా అరిచింది. ఆ ఒక్క మాట మాత్రం అంజుమ్‌కి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ముసలామె గోళీ మింగి, నోరు తెరిచి చూపించింది.