మొసలికి నేను చెప్పిన అర్థం

పదిహేనేళ్లకు పైగా ఒక మాట నా గొంతులో ఇరుక్కొని ఉంది. మింగలేను, కక్కలేను. మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు తొర్రూరు వాళ్లు కాదు కాబట్టి. నన్ను ఎరిగినవాళ్లయితే ఇదీ నా కోతల్లో ఒకటనుకొని నవ్వుతారు. వాళ్ల తప్పేం లేదు. ఆకేరు వాగును మొసలి వీపెక్కి దాటానని సగం బజారును నమ్మించినవాణ్ని నేను.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. పొద్దుపోక మల్లయ్య కిరాణా దుకాణం ముందు మధ్యాహ్నాలు పురాణం పెట్టుకున్నాం. పంతులు పద్యం చదివేవాడు. అర్థం చెప్పే పని నాది. పద్యం మూరెడుంటే నా అర్థం నాలుగు బారలు. అందరికీ చాయ పోసేది మల్లయ్య. ఇంట్లో భార్య ఎల్లవ్వను కొట్టేదీ మల్లయ్యే. వాడలో అందరికీ తెలుసు. బస్సులు నడవగానే గూడూరులో అన్న దగ్గరికి పోతానని, బట్టలు మూటకట్టుకున్నానని ఆమె నా భార్యతో చెప్పింది. అదీ నాకు తెలుసు.

ఆ రోజు ఏనుగును మొసలి పట్టిన ఘట్టం. ఏనుగు మొరపెట్టుకుంది, దేవుడు పరుగెత్తుకొచ్చాడు. ఆడవాళ్ల వెనక నుంచి ఎల్లవ్వ లేచింది.

“తమ్మీ, ఏనుగంటే మొత్తుకున్నది. మరి మనిషి గిట్ల చిక్కితే ఎట్ల? నోరు మూసుకొని ఉండాల్నా, కాలు గుంజుకొని పోవాల్నా?”

ఆమె అడిగింది నన్ను కాదు, పుస్తకాన్ని. చదువురాని ఆమెకు పుస్తకం నోరు నేనే. మల్లయ్య చాయ గిన్నె పట్టుకొని నావైపే చూస్తున్నాడు.

“మొసలి బయట లేదక్కా. నీ లోపలి కోపమే మొసలి. గా కోపం సల్లబడితే పట్టు దానంతటదే ఇడుస్తది. పుస్తకంల గట్లనే ఉన్నది.”

“నిజంగ ఉన్నదా?”

“నేను జెప్తే అబద్ధమా అక్కా?”

“అబ్బ, ఏం జెప్పిండు!” అన్నారెవరో. పంతులు నావైపు ఒకసారి చూసి పేజీ తిప్పాడు. మల్లయ్య నాకు రెండో చాయ పోశాడు. తాగాను.

భయపడి అన్నానా? అంత చక్కని మాట తట్టిన సంబరంలో అన్నానా? ఎప్పుడు అడుక్కున్నా రెండూ అవుననే జవాబు. కోపాన్ని చల్లార్చుకోమనడం చెడ్డమాటేం కాదని, పెద్దలు చెప్పేదీ అదేనని నాకు నేను సర్దిచెప్పుకున్న రోజులున్నాయి. కాని ఆ మాట మల్లయ్యకు చెప్పవలసింది. ఎల్లవ్వకు చెప్పాను.

ఆమె మూట విప్పేసింది. బస్సులు నడిచాయి, ఎక్కలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా కళ్లు మూసుకొని తన లోపలి మొసలిని వెతుక్కునేదట. అట్లాగే కుడిచెవి పోయింది. నేను ఎదురైతే రెండో చెవి ఇటు తిప్పి, “నీ మాటతోనే బతుకుతున్న తమ్మీ” అంటుంది. అబద్ధమని ఎట్లా చెప్పను? చెబితే ఇన్నేళ్లు ఆమె దేనికి ఓర్చుకున్నట్టు? చెప్పకపోతే ఇంకెన్నేళ్లు? ఆ ఇంట్లో ఆమె, ఆ మాటలో నేను. ఇద్దరికీ తోవ లేదు.

మొన్న ఆమె కూతురు మానుకోటలోని అత్తగారింటి నుంచి పెదవి చిట్లి వచ్చింది. ఎల్లవ్వ దాని తల నిమురుతూ నా అర్థమే చెప్పింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. మర్నాడు పిల్ల తిరిగి వెళ్లిపోయింది.

పుస్తకంలో ఆ మాట లేదు. నేను కల్పించాను. ఇప్పుడు మీకు తెలుసు, ఎల్లవ్వకు తెలియదు. రాశాక నా ప్రాణం కొంత తేలికపడింది. అందుకూ సిగ్గుగానే ఉంది.