తోడుతో వచ్చే అన్నయ్య

చివరిసారి మా ఇంటికొచ్చినప్పుడు ముందుగది కర్టెన్ అంచు ఊడి వేలాడుతుంటే అన్నయ్య చూశాడు. దాన్ని దించి ఒళ్లో వేసుకుని సూదితో కుట్టేశాడు. ఆఖర్న దారం పళ్లతో కొరికాడు.

"పళ్లు ఊడతాయిరా," అంది అమ్మ.

"ఊడితే ఏం, నీ కట్టుడు పళ్లు వంతులేసుకుందాం."

కత్తెర తెమ్మని ఎవరూ అనలేదు. మా ఇంట్లో కత్తెర ఉంచుకోం.

అన్నయ్య దర్జీ. చొక్కాకి కాలరు అతనిలా కూర్చోబెట్టేవాళ్లు మా వీధిలో లేరు. జబ్బు ముదిరిన ఏడు, నాన్న తనను చంపడానికే వస్తున్నాడని నమ్మి, బట్టలు కత్తిరించే కత్తెరతోనే పొడిచాడు. నాన్న బతకలేదు. ఆ క్షణాన అతను తన స్పృహలో లేడని తేల్చిన కోర్టు, జైలుకు కాకుండా కాపలా ఉండే మానసిక ఆసుపత్రికి పంపింది. చాలా ఏళ్లకు మందులు పనిచేసి మనిషి నెమ్మదించాక, ఆసుపత్రివాళ్లు ఊళ్లోనే తమ వసతిగృహంలో ఉంచారు. పగలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో పని. ఆదివారం మా ఇంటికి రావచ్చు, కానీ ఆసుపత్రి మనిషి వెంట ఉండాలి.

ఆ వచ్చే అటెండరు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అన్నయ్య కనబడేలా గుమ్మం పక్కన కూర్చునేవాడు. అతనెవరని పక్కింటావిడ అడిగితే అన్నయ్య తడుముకోకుండా "మా బావ" అనేశాడు.

"నన్నడక్కుండానే పెళ్లి చేసేశావా?" అన్నాను.

"ఆదివారం వస్తాడు, టీ తాగి పోతాడు. నోరెత్తడు. ఇంతకన్నా మంచి మొగుడు నీకెక్కడ దొరుకుతాడే?"

అటెండరు టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. తలుపు తీసిన ప్రతిసారీ అమ్మ చూపు అన్నయ్య భుజం మీదుగా వెనక్కి పోయేది. అటెండరు కనబడ్డాకే "రా నాన్నా" అనేది.

అన్నయ్య ఒంటరిగా రావడం మొదలైతే, తర్వాత రాత్రిళ్లు ఉండనిస్తారు. ఆ తర్వాత ఇక ఇంట్లోనే. నా ఆశంతా అదే. "ఒంటరిగా ఎప్పుడు పంపిస్తారన్నయ్యా?" అని వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని.

"పెద్ద డాక్టరు తలూపాలి కదే. ఆయనకి మెడ పట్టేసింది," అనేవాడు.

ముఖమైనా ఎరగని ఆ డాక్టరుని తిట్టుకునేదాన్ని.

కర్టెన్ కుట్టిన వారంలోనే, షెడ్డులో మిషను ముందు కూర్చున్న అన్నయ్య గుండె ఆగిపోయింది. అటెండరు చివరిదాకా ఉండి పాడెకు భుజం పట్టాడు. అంతా అయ్యాక వాకిట్లో అతనితో అన్నాను: "ఇంకొన్నాళ్లుంటే ఒంటరిగా పంపించేవారేమో."

అతను చెప్పులు వేసుకోబోయి ఆగాడు.

"ఒంటరిగా వెళ్లొచ్చని డాక్టరుగారు పోయిన వానాకాలమే చెప్పేశారమ్మా. మీ అన్నయ్యగారే నన్ను రమ్మనేవారు. 'తలుపు తీయగానే అమ్మ నీకోసం చూస్తుంది, రా' అని. ఆదివారాలు నాకు డ్యూటీ లేదమ్మా."