కర్పూరం మీద ఓటు

ఓటును తమిళనాట మా ధర్మపురి తెలుగు ఇళ్లలో 'ఓట్టు' అంటాం. అరవం నుంచి తెచ్చుకున్న మాట, గట్టిగా నొక్కి పలుకుతాం. ప్రమాణం మాత్రం అందరిలాగే ఒట్టు. రెండింటికీ మధ్య ఉన్నదల్లా ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం మా అవ్వ చెవిన పడకపోవడం వల్ల ఇంట్లో చాలా రోజులు ఎవరికీ అన్నం సయించలేదు.

మునిసిపాలిటీ ఎన్నికలప్పటి సంగతి. మా వార్డులో నిలబడ్డాయన బొమ్మిడి దగ్గర సేద్యం చేసుకునే తెలుగు కుటుంబంవాడు, ఊళ్లో స్థిరపడ్డాడు. మందిని వెంటేసుకుని మా ఇంటికొచ్చి, పళ్లెంలో కర్పూరం వెలిగించి, "అవ్వా, మారెమ్మ సాక్షిగా నాకు ఓట్టు ఎయ్యల్ల" అన్నాడు. ఆ పళ్లెం వీధిలో ప్రతి గడపకూ తిరిగింది. భక్తితో తిప్పాడో, ఓడిపోతానన్న భయంతో తిప్పాడో ఆయనకే తెలియాలి. అవ్వకు చెవి మందం. ఓట్ల సంగతి ఆమెకు తెలియక కాదు, కానీ కర్పూరం వెలిగించి అడిగేది ఒట్టు కాక మరేమిటి? మంట మీద చెయ్యి పెట్టి, "ఒట్టు నాయనా, నీకే" అనేసింది. అది ఓటనుకుని ఆయన సంబరంగా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మొదలైంది గోల. అవ్వ మనసంతా పక్క వీధిలో ఇడ్లీల కొట్టు నడిపే ఆమె మీద ఉంది. ఆమె కూడా పోటీలో ఉంది, మా ఇంటి ముందరి సాక్కడ, అదే మురుగు కాలవ, కట్టిస్తానంది. వాన పడితే ఆ నీళ్లు మా వసారాలోకి వస్తాయి. పోయిన వానల్లో అవ్వ వాటిలో జారిపడి నెలరోజులు మంచం దిగలేదు. ఇప్పుడు ఇడ్లీలామెకు వేస్తే ఒట్టు తప్పినట్టు, ఆ కీడు తన మునిమనవరాలికి, అంటే నా కూతురికి, తగులుతుందని అవ్వ భయం. "నేనింక ఓట్టుకే పోను" అంటూ కంచం ముందు నుంచి లేచిపోయేది.

నేను కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా? కొంగు బిగించాను. సర్కారును అవ్వ ఇప్పటికీ దొరతనం అనే అంటుంది కాబట్టి నేనూ ఆ మాటే వాడాను.

"అవ్వా, పరదేశాల్లో కూడా ముందు రాజులు, ఈ దొరతనం మాకు దేవుడిచ్చినాడు, అడిగేదానికి మీరెవరు అనేవాళ్లు. తర్వాత కొందరు పెద్దలు యోచన చేసినారు. మన ప్రాణం, మన సొత్తు, మన స్వేచ్ఛ కాపాడేదానికి మనమే దొరతనాన్ని పెట్టుకున్నాము, ఆ పని చెయ్యకపోతే మనమే మార్చుకోవచ్చు అన్నారు. మధ్యలో దేవుణ్ణి సాక్షికి పిలిచే పనే లేదు."

అవ్వ ఓపిగ్గా అంతా విన్నది. "బాగుండాది. పోయి మారెమ్మకు చెప్పు" అంది.

నాకు ఒళ్లు మండింది. తరగతిలో పిల్లలు నోరెత్తకుండా రాసుకునే పాఠం అది.

ప్రచారం ముగిసే రోజు పొద్దున ఆయన మళ్లీ వచ్చాడు. అవ్వ లోపలికి వెళ్లి మా ఇంటి పళ్లెమే తెచ్చి, కర్పూరం వెలిగించి ఆయన ముందు పట్టుకుంది.

"నేను నీకు ఒట్టేసినాను గదా నాయనా. ఇప్పుడు నువ్వు నాకెయ్యి, సాక్కడ కట్టిస్తానని."

ఆయన నవ్వాడు. "అది నా ఒక్కడి చేతిలో ఉండేదా అవ్వా? పైనుంచి దుడ్డు రావల్ల, ఆఫీసరు ఒప్పుకోవల్ల" అంటూ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. వెంట వచ్చినవాళ్లు గోడల కేసి చూశారు.

"నువ్వు చెయ్యి పెట్టకపోతే నేను పెట్టింది ఎట్లా నిలుస్తాది? ఇద్దరం పెడితేనే గదా ఒట్టు" అని అవ్వ మంటను తానే కళ్లకద్దుకుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆయన ముఖం చూసి మానుకున్నాను.

సాయంత్రం ఆయన ఒక్కడే వచ్చాడు. మెడలో పార్టీ కండువా కూడా లేదు. "వెలిగించు అవ్వా" అన్నాడు. మంట మీద చెయ్యి పెట్టి, సాక్కడ కట్టేదాకా ఆఫీసుల చుట్టూ తిరుగుతానన్నాడు. చెయ్యి తీసి, అవ్వ చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగాడు. "అయితే నీ ఓట్టు నాకే గదా?"

"నా ఒట్టు పొద్దున్నే కరిగిపాయె నాయనా. ఇప్పుడు ఏసింది నువ్వు" అంది అవ్వ. "గెలిస్తే నువ్వే కట్టించు. ఆమె గెలిస్తే ఆమె వెంటబడి కట్టించు. సాక్కడకు గదా నువ్వు ఒట్టేసినావు, కుర్చీకి కాదే."

ఆయనకే నవ్వొచ్చింది, తలూపి వెళ్లాడు. అవ్వ కంచం తెచ్చుకుని కూర్చుని పెరుగన్నం మారు అడిగింది.

"ఓట్టు నాటికి నా పట్టుచీర తీసిపెట్టు పాపా" అంది.